పూటకూళ్ళమ్మ పేరేమిటి?

పూటకూళ్ళమ్మ అనగానే మీకేం గుర్తొస్తుంది? చీపురుకట్టే గుర్తొస్తుందని నాకు తెలుసు. గురజాడ వారి ‘కన్యాశుల్కం’ చదివినవాళ్ళకైనా, నాటకంగా చూసినవాళ్ళకైనా, 1955లో వచ్చిన సినిమా చూసినవాళ్ళకైనా ముందు కళ్ళల్లో మెదిలేది ఆ చీపురే. గిరీశాన్ని వెతుక్కుంటూ ఆవిడ మధురవాణి ఇంటికి వస్తుంది. మనం పగలబడి నవ్వుతాం. నవ్వకూడదని నేననను, అది నవ్వించడానికి రాసిన రంగమే.

కానీ ఆవిడ ఎందుకొచ్చిందో ఒక్కసారి ఆలోచించండి. సంతలో సామాన్లు కొనిపెడతానని చెప్పి గిరీశం ఆవిడ దగ్గర ఇరవై రూపాయలు పట్టుకెళ్ళాడు. ఆ డబ్బు కాస్తా మధురవాణి కింద ఖర్చు పెట్టేశాడు. నాటకం మొదటిసారి ఆడింది 1892లో, ఇవాళ మనం చదువుకునే కూర్పు వెలువడింది 1909లో. ఆ రోజుల్లో ఇరవై రూపాయలంటే మాటలా? ఎన్ని విస్తళ్ళు వడ్డిస్తే, ఎన్ని అంట్లు తోమితే ఓ విధవరాలి చేతికి అంత డబ్బు వస్తుంది? అంచేత ఆవిడ చీపురు పట్టుకోవడంలో నాకు వింతేమీ కనిపించదు. నాకు వింతగా కనిపించేది ఇంకొకటి. అంత గొప్ప నాటకంలో ఆవిడకి పేరు లేదు. పాత్రల పట్టికలోనూ ఆవిడ పూటకూళ్ళమ్మే.

మాట చూస్తే చాలా సాదాగా ఉంటుంది. పూట, కూడు, రెండూ కలిపితే పూటకూడు. బహువచనంలో పూటకూళ్ళు. పూటకింత అని డబ్బు పుచ్చుకుని, బాటసారికి ఇంట్లో వండిన అన్నం పెట్టే ఇల్లు పూటకూళ్ళ ఇల్లు. హోటలు అనే మాట మన ఊళ్ళలోకి రాకముందు మనకున్న హోటలు అదే. ఇల్లుగలావిడే వంటమనిషి, ఆవిడే వడ్డించేది, డబ్బు లెక్క చూసుకునేదీ ఆవిడే. అరుగు మీద పడుకోనిస్తే అదే లాడ్జి.

ఇందులో నాకు ఇంత ఆసక్తి ఎందుకంటారా? నేనుండేది వరంగల్లు కాశిబుగ్గలో. ఇక్కణ్ణుంచి ఆటో ఎక్కితే ఖిలా వరంగల్ ఎంతో దూరం కాదు. కాకతీయుల రాజధాని ఓరుగల్లంటే అదే. అక్కడి నాలుగు కీర్తితోరణాలూ, కూలిపోయిన స్వయంభూదేవాలయం రాళ్ళూ చూడ్డానికి జనం వస్తూనే ఉంటారు. మా ఇంటికి వచ్చిన చుట్టాలని కూడా నేను తీసుకెళ్తూ ఉంటాను. తోరణాల కింద ఫొటోలు తీసుకోవడం అయ్యాక నేను వాళ్ళకో ప్రశ్న వేస్తాను. “ఇంత పట్నానికి బయటి ఊరి మనిషి ఎవరైనా వస్తే మధ్యాహ్నం ఎక్కడ తినేవాడో చెప్పండి?” అని. అందరూ తెల్లమొహం వేస్తారు. రాజుగారు ఏం తిన్నారో సినిమాలో చూపిస్తారు గానీ, బాటసారి ఏం తిన్నాడో ఎవరు చూపిస్తారు!

అదృష్టం కొద్దీ దీనికి మనకో సాక్ష్యం ఉంది. ‘క్రీడాభిరామం’ అని ఒక చిన్న పుస్తకం. రావిపాటి త్రిపురాంతకుడు సంస్కృతంలో రాసిన ‘ప్రేమాభిరామం’ దానికి మూలం. తెలుగు చేసింది వినుకొండ వల్లభరాయుడని కొందరు, కాదు శ్రీనాథుడే అని కొందరు పండితులు వాదించుకున్నారు. ఆ గొడవ మనకి వద్దు. కథ ఏమీ లేదు. మంచనశర్మ అనే బ్రాహ్మడూ, టిట్టిభసెట్టి అనే అతని స్నేహితుడూ ఓరుగల్లు వీధుల్లో ఒక రోజంతా తిరుగుతారు. కోడిపందేలు చూస్తారు, పల్నాటి వీరుల కథ పాడే ఆడమనిషి పాట వింటారు, ప్రతాపరుద్రుడి కాలంలో పేరుమోసిన మాచల్దేవి ఇంట్లో చిత్రశాల చూస్తారు. అమ్మవార్ల గుళ్ళూ, వీధి ఆటలూ, ఎవరెవరు ఏమేం అమ్ముకుంటున్నారో అంతా రాశాడు కవి. అందులో వేశ్యల వర్ణనలు ఎక్కువని చెప్పి మా కాలేజీ రోజుల్లో దాన్ని ఆడపిల్లల చేతికి ఇచ్చేవారు కాదు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ వర్ణనలు ఉన్న మాట నిజమే. కానీ వాటితోపాటు భోజనం పద్యం కూడా మాకు అందకుండా పోయింది.

ఆ పద్యంలో ఏముందో నా మాటల్లో చెబుతాను. లక్ష్మణవజ్ఝల అనే ఆయన ఇల్లు పూటకూళ్ళ ఇల్లు. అక్కడ ఒక రూక ఇస్తే భోజనం. రూక అంటే అప్పటి నాణెం. ఆ ఒక్క రూకకీ ఏమేం పెడతారంటే, కప్పురభోగి అనే సన్నరకం బియ్యం అన్నం, గోధుమపిండితో చేసిన పిండివంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, చక్కగా మగ్గిన అరటిపళ్ళు, నంజుకోవడానికి నాలుగైదు రకాలు, చివర గడ్డలు గడ్డలుగా కొత్త పెరుగు. చదువుతుంటేనే ఆకలి వేస్తుంది కదూ! ఇది విందు భోజనం కాదు, దారినపోయేవాడికి డబ్బు పుచ్చుకుని పెట్టే రోజువారీ భోజనం.

ఈ జాబితాలో ఇవాళ మనకి అలవాటైనది ఒకటి లేదు, గమనించారా? మిరపకాయ. అప్పటికి మిరపకాయ మన దేశానికి రాలేదు. దాని పుట్టిల్లు అమెరికా ఖండం. పోర్చుగీసు ఓడల్లో అది మనదాకా వచ్చింది పదహారో శతాబ్దంలో. అంతదాకా మన నోటికి తెలిసిన కారం మిరియాలదే. ఇప్పుడేమో మా కాశిబుగ్గ పక్కనే ఉన్న ఏనుమాముల మార్కెట్లో సీజన్లో ఎటు చూసినా ఎర్రగా మిర్చి బస్తాలే. వరంగల్ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఓరుగల్లు అంటే మిర్చి అనుకునే మనకి, ఓరుగల్లు వైభవమంతా మిరపకాయ లేకుండానే గడిచిందంటే నమ్మబుద్ధి కాదు.

సరే, భోజనం బాగుంది. నా మనసులో మెదిలే ప్రశ్న వేరే. లక్ష్మణవజ్ఝల అన్నది మగవాడి పేరు. వజ్ఝల అంటే ఒజ్జ, చదువు చెప్పేవాడు. ఆయన ఇంట భోజనం అన్నాడు కవి. మరి ఆ అప్పుడే కాచిన నెయ్యి ఎవరు కాచారు? ఆ పెసరపప్పు తిరగట్లో ఎవరు విసిరారు? గోధుమపిండి ఎవరు కలిపారు? నంజుకోవడానికి నాలుగైదు రకాలంటే తెల్లవారుజామున లేస్తే గానీ కావు, వంట చేసే మీకు నేను చెప్పాలా! ఆ చేతులెవరివో పద్యం చెప్పలేదు. ఆయనే వండాడేమో అని మీరంటే నేను కాదనలేను. కానీ బోర్డు మీద ఆయన పేరు, పొయ్యి ముందు ఇంకొకరు అన్న పద్ధతి మన ఇళ్ళలో కొత్తది కాదు కాబట్టి నాకు అనుమానం.

అన్నం పెట్టడానికి ఆ రోజుల్లో రెండో దారీ ఉంది. అది సత్రం. గుంటూరు వైపు కృష్ణ ఒడ్డున ఉన్న మల్కాపురంలో 1261 నాటి శాసనం ఒకటి ఉంది. రుద్రమదేవి కాలంనాటిది. విశ్వేశ్వర శివాచార్యులనే గురువు అక్కడ పెట్టిన మఠం, గుడి, చదువు చెప్పే చోటు, ఆరోగ్యశాల, ప్రసూతిశాల, అన్నసత్రం, అన్నిటి వివరాలూ ఆ రాతి మీద చెక్కించారు. బ్రాహ్మడి దగ్గర్నుంచి చండాలుడి దాకా ఎవరొచ్చినా ఆ సత్రంలో అన్నం పెట్టాలని ఉంది. ఏడున్నర శతాబ్దాల కిందటి మాట అది! ఆడవాళ్ళ పురుడు గురించి ఒక రాణి కాలంలో రాతి మీద రాయించారంటే నాకు ఆ రాయికి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. కానీ సత్రం నడవాలంటే వెనక దానమిచ్చిన ఊళ్ళుండాలి, మఠం ఉండాలి, రాజుగారి దయ ఉండాలి. పూటకూళ్ళ ఇంటికి అవేమీ అక్కర్లేదు. ఒక పొయ్యి, రెండు గిన్నెలు, రెక్కల కష్టం ఉంటే చాలు. అందుకే సత్రాలకి శాసనాలు మిగిలాయి. పూటకూళ్ళకి ఒక పద్యం, ఒక చీపురుకట్ట మిగిలాయి.

ప్రయాణమంటే ఆ రోజుల్లో ఎంత కష్టమో ఊహించుకోండి. ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830 మే నెలలో చెన్నపట్నంలో బయల్దేరి కాశీకి వెళ్ళి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. మజిలీ మజిలీకీ నీళ్ళున్నాయా, అంగళ్ళున్నాయా, దిగడానికి వసతి ఉందా అని రాసుకున్నారు. ఆ పుస్తకం 1838లో అచ్చయింది. ఆయన కలిగినవారు, పెద్ద పరివారంతో డేరాలు వేసుకుంటూ వెళ్ళారు. డేరా లేనివాడి గతేమిటి? ఊరికొక అమ్మ పొయ్యి వెలిగించి ఉంచబట్టే ఈ దేశంలో నడిచి వెళ్ళేవాడు నడవగలిగాడు.

బయటి దేశాల్లో ఈ సంగతి ఎలా ఉండేదో చూద్దామని నాకు ఇటలీ మీదికి ధ్యాస పోయింది. ఎందుకు ఇటలీయే అంటే, కాకతీయ రాజ్యం గురించి రాసిన తొలి ఐరోపా యాత్రికుడు ఇటలీవాడే. వెనిస్ నగరానికి చెందిన మార్కోపోలో. ఆయన ముత్ఫిలి అని రాసింది మన మోటుపల్లి రేవు పేరుతోనే. అక్కడొక రాణి న్యాయంగా పాలిస్తోందనీ, వజ్రాలు దొరుకుతాయనీ, సాలెగూడంత పల్చటి బట్టలు నేస్తారనీ రాశాడు. ఆ రేవులో విదేశీ వర్తకుల భయం పోగొట్టడానికి రుద్రమదేవి తండ్రి గణపతిదేవుడు 1244లో అభయశాసనం వేయించాడు. తుఫానుకి ఓడ కొట్టుకొస్తే సరుకంతా రాజు లాక్కునే పాత పద్ధతి మానేస్తున్నాననీ, సుంకం తప్ప ఇంకేమీ తీసుకోననీ అందులో మాట ఇచ్చాడు.

ఆ మార్కోపోలో పుట్టిన వెనిస్‌లో, ఆయన పుట్టక ముందే 1228లో, జర్మనీ వర్తకులు దిగడానికి ఒక పెద్ద భవనం ఏర్పాటైంది. ఫొందాకో అంటారు దాన్ని. కింద సరుకు, పైన పడక గదులు. అగ్నిప్రమాదంలో కాలిపోతే మళ్ళీ కట్టి 1508లో పూర్తి చేశారు. గ్రాండ్ కెనాల్ ఒడ్డున ఆ భవనం ఇప్పటికీ ఉంది. ఫొందాకో అన్న మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసా? అరబ్బుల ‘ఫుందుక్’ నుంచి. దుబాయి వెళ్ళొచ్చిన మన కరీంనగర్ వాళ్ళని అడగండి, అక్కడ హోటల్ని ఇప్పటికీ ఫుందుక్ అనే అంటారు.

ఇది ప్రభుత్వం కట్టించిన వ్యవహారం. నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది ఇంకొకటి. ఇటలీలో పెన్సియోనె అని ఉంటాయి. పాత భవనంలో ఒక అంతస్తో రెండో తీసుకుని ఒక కుటుంబం నడుపుకునే చిన్న హోటళ్ళు. అమ్మ వంటింట్లో, కొడుకు రిజిస్టరు దగ్గర, కోడలు దుప్పట్లు మారుస్తూ. ఆ మాటకి అసలు అర్థం చెల్లింపు. మనవాళ్ళు పింఛను అనేది కూడా ఆ మాటకి చుట్టమే. పడక, పూటకింత భోజనం కలిపి చెల్లిస్తే మన పూటకూళ్ళే కదండీ! ఇ. ఎం. ఫార్‌స్టర్ 1908లో రాసిన ‘ఎ రూమ్ విత్ ఎ వ్యూ’ నవల బి.ఏ.లో ఇంగ్లీషు సాహిత్యం చదివినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఫ్లారెన్సులో అలాంటి ఒక పెన్సియోనెలోనే ఆ కథ మొదలవుతుంది. కిటికీలోంచి ఆర్నో నది కనపడే గదులిస్తామన్నారు, ఇవ్వలేదు అని మొదటి పేజీలోనే పేచీ.

అక్కడి వంటలోనూ మనకో పోలిక ఉంది. ఇటలీ అంటే టొమాటో పులుసు అనుకుంటాం. మార్కోపోలో టొమాటో మొహం చూడలేదు. అదీ మన మిరపకాయలాగే అమెరికా నుంచి వచ్చిందే. ఆ దారి తెరిచిన కొలంబసు ఇటలీలోని జెనోవావాడే. తాతల కాలం నాటి రుచి అని మనమూ వాళ్ళూ మురిసిపోయే రుచులు నిజానికి అంత పాతవి కావు. పాతది ఏదైనా ఉందంటే, పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి ఒక్కతే.

ఇటలీవాళ్ళు చేసిన ఒక మంచి పని చెప్పాలి. పల్లెల్లో వ్యవసాయం చేసుకునే కుటుంబాలు తమ పాత ఇళ్ళలోనే అతిథుల్ని దింపుకుని, తమ పొలంలో పండినది వండి పెట్టుకోవడానికి 1985లో ఒక చట్టం చేశారు. అంటే ఆ పనికి ఒక పేరూ, లెక్కా, గౌరవమూ ఇచ్చారు. ‘మా అమ్మ చేతి వంట’ అని అక్కడ గర్వంగా బయట రాసుకుంటారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు, మనవాళ్ళతో సహా, అది చూసే వెళ్తారు. వచ్చాక మురిపెంగా చెప్పుకుంటారు కూడా. “నాలుగు వందల ఏళ్ళనాటి ఇల్లట! ముసలావిడ స్వయంగా వడ్డించింది తెలుసా!” అని. అదే ముసలావిడ మన సందులో వడ్డిస్తే?

ఇటలీ దాకా ఎందుకు, హైదరాబాదులో ఫలక్‌నుమా ఉంది. పైగా నవాబు వికారుల్ ఉమ్రా 1884లో పునాది వేయించి ఇటలీ పద్ధతిలో కట్టించిన మహలు. 2010లో అది తాజ్ వారి హోటలైంది. అందులో 101 మంది ఒక్కసారే కూచుని భోంచేసే బల్ల ఉంది. ఆ బల్ల పొడుగు గురించి అందరూ చెబుతారు. 101 మందికి వండినవాళ్ళ గురించి ఎవరైనా చెప్పగా విన్నారా?

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మా పేట పేరులోనే కాశీ ఉంది. బుగ్గ అంటే నీటి ఊట. కాశీ అనగానే అన్నపూర్ణ. సాక్షాత్తూ శివుడికే భిక్ష పెట్టిన తల్లి. వ్యాసుడికి కాశీలో భిక్ష దొరక్క ఆకలితో ఊరినే శపించబోతే, ఆ తల్లి ముత్తైదువ రూపంలో వచ్చి పిలిచి అన్నం పెట్టిందని శ్రీనాథుడి ‘కాశీఖండం’లో కథ. అన్నం పెట్టే ఆడదాన్ని మనం అంత ఎత్తున కూచోబెట్టాం. నిజమే, కానీ ఒక షరతు మీద. డబ్బు తీసుకోకూడదు.

గోదావరి లంకల్లో లంకల గన్నవరం అనే ఊళ్ళో డొక్కా సీతమ్మ గారు ఉండేవారు. 1841లో మండపేటలో పుట్టి, డొక్కా జోగన్న గారి భార్యగా ఆ ఊరికి వచ్చారు. ఏరు దాటి వచ్చిన బాటసారికి వేళ, కులం చూడకుండా వండి పెట్టారు. 1909లో పోయేదాకా అదే ఆవిడ బతుకు. ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేక ఉత్సవానికి పిలిస్తే, వచ్చేవాళ్ళకి అన్నం ఎవరు పెడతారని వెళ్ళలేదనీ, అప్పుడు ఆవిడ ఫొటో పట్టుకెళ్ళి కుర్చీలో పెట్టారనీ చెప్పుకుంటారు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరే పెట్టింది. ఆవిడకి చేతులెత్తి నమస్కరిస్తాను. అయితే ఆవిడ వెనక పొలం ఉంది, భర్త ఉన్నాడు, సొంత ఇల్లుంది. ఇవేమీ లేని ఇంకో ఆడది అదే అన్నం, అదే చేత్తో, అదే వేళకి వండి పెట్టి బియ్యం డబ్బులూ తన కూలీ తీసుకుందనుకోండి. ఆవిడ పూటకూళ్ళమ్మ. పూటకూళ్ళమ్మకి పుణ్యమెక్కడిదని సామెత కూడా చేసి పెట్టారు మనవాళ్ళు. కలియుగంలో జనం అన్నం అమ్ముకుంటారని భారతం అరణ్యపర్వంలో ఉన్న మాటని పెద్దవాళ్ళు ఎత్తి చూపేవారు. బియ్యం అమ్మే సెట్టికి పాపం లేదు. కట్టెలు అమ్మేవాడికి లేదు. పాపమంతా అవి రెండూ కలిపి ఉడికించిన ఆవిడకే వచ్చింది!

మా మేనత్త సంగతి చెప్తే మీకు నా బాధ అర్థమవుతుంది. ముప్ఫై ఒకటో ఏట ఆమె భర్త పోయాడు. ఇద్దరు ఆడపిల్లలు. కాశిబుగ్గలో రెండు గదుల ఇల్లు, ముందు ఒక రేకుల పంచ. మొదట్లో పక్కింటి పాలిటెక్నిక్ పిల్లవాడొకడు ఊరికి వెళ్ళలేని రోజుల్లో ఆమె దగ్గర తినేవాడు. వాడి స్నేహితులు నలుగురు వచ్చారు. ఆపైన ఆజంజాహి మిల్లులో పనిచేసే ఒంటరి మగవాళ్ళు, మార్కెట్లో గుమాస్తాలు. చూస్తుండగానే ఇరవై ఆరు మంది అయ్యారు. పొద్దున పప్పుచారు, ఒక కూర, తొక్కు, మజ్జిగ. రాత్రికి పచ్చిపులుసో, టమాట చారో. ఆదివారం గుడ్డు. నెలాఖరుకి డబ్బు. ఎవరు ఏ రోజు ఎన్ని పూటలు తిన్నారో ఒక పొడుగాటి పుస్తకంలో గీతలు పెట్టుకునేది. డబ్బు ఎగ్గొట్టి పోయినవాళ్ళ పేర్ల కింద మాత్రం ఎర్ర పెన్సిలు గీత ఉండేది. గిరీశాలు అన్ని కాలాల్లోనూ ఉంటారు. చీపురు మాత్రం ఆమె ఎప్పుడూ పట్టుకోలేదు.

మా ఇళ్ళలో మగవాళ్ళకి ఇది నామోషీ. “పిల్లలకేదో వండి పెడుతుంది” అనేవారే తప్ప మెస్ అనేవారు కాదు. పెద్ద పిల్లకి సంబంధం వచ్చినప్పుడు అయితే మరీ, “అడిగితే పొలం మీద ఆదాయం వస్తదని చెప్పు” అని ముందే నేర్పి కూచోబెట్టారు. వచ్చినవాళ్ళు అడిగారు. ఆమె తడుముకోకుండా చెప్పింది. “మెస్ నడుపుత. ఇరవై ఆరుగురు తింటరు. ఎవ్వరికీ బాకీ లేను.” ఆ సంబంధం కుదరలేదు. ఆ రాత్రి ఇంట్లో అందరూ ఆమె మీద ఎగిరారు. అప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. “అబద్ధం చెప్తే అయిపోయేది కదా అత్తమ్మా” అన్నాను. ఆమె అన్నది నాకిప్పటికీ చెవుల్లో ఉంది. “అన్నం అమ్ముకుంటున్ననని అంటున్నరు బిడ్డా. నేను అన్నం అమ్ముతలేను. బియ్యం పైస బియ్యానికి పాయె, కట్టెల పైస కట్టెలకు పాయె. మిగిలింది నా రెక్కల కష్టం. దాన్ని దాచిపెట్టుమంటే ఎట్ల?”

ఏడాది తిరక్కుండా మరో సంబంధం కుదిరింది. ఆ పెళ్ళికి బంగారం, బట్టలు, పప్పులు, పందిరి, అన్నీ ఆ పుస్తకంలో గీతల్లోంచి వచ్చినవే. పెళ్ళిపత్రిక మీద ఆహ్వానించువారు అని మాత్రం మా పెద్దనాన్న పేరు అచ్చయింది. లక్ష్మణవజ్ఝల ఇంట భోజనం అని చదివినప్పుడల్లా నాకు ఆ పెళ్ళిపత్రిక ఎందుకు గుర్తొస్తుందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

పూటకూళ్ళ ఇళ్ళు ఎప్పుడు తగ్గిపోయాయంటే, రైళ్ళు వచ్చాక. సికింద్రాబాదు నుంచి వరంగల్లు మీదుగా బెజవాడ దాకా 1889 నాటికి రైలు పడింది. స్టేషను ముందు హోటళ్ళు వెలిశాయి. ఉడిపి హోటళ్ళు వచ్చాయి. గల్లాపెట్టె దగ్గర మగవాడు కూచున్నాడు, పొయ్యి దగ్గరికీ మగవాడే వచ్చాడు. అన్నం అమ్మడం అప్పుడు పాపం కాకుండా పోయింది. వ్యాపారం అయింది. అదే పనికి పేరు మారి, గౌరవం వచ్చి, ఆ గౌరవం వచ్చేసరికి ఆడవాళ్ళు లేరక్కడ. ఇంట్లో ఉండి వండిపెట్టిన అత్తమ్మల్లాంటి వాళ్ళు మాత్రం సందుల్లోనే ఉండిపోయారు.

ఇవాళ మళ్ళీ వాళ్ళు సందుల్లోంచి రోడ్డు మీదికి వస్తున్నారు. హనుమకొండ, వరంగల్లు రోడ్ల మీద సాయంత్రం నడిచి చూడండి. కర్రీ పాయింట్లు, టిఫిన్ బండ్లు, సర్వపిండి పెనాలు, వెనక నిలబడ్డవాళ్ళు చాలామంది ఆడవాళ్ళే. ఉద్యోగం నుంచి అలిసి వచ్చి మనం కొనుక్కునే పప్పు వాళ్ళు వండినదే. కొనేటప్పుడు “ఇంత కూరకి ఇంతా?” అని బేరమాడతాం. అదే పట్నంలో పెద్ద హోటలుకి వెళ్తే బిల్లు చూసి నోరెత్తం. బడుల్లో మధ్యాహ్న భోజనం వండే ఆడవాళ్ళకి ఇచ్చే డబ్బుని జీతం అనరు, గౌరవవేతనం అంటారు. గౌరవం ముందు పెట్టి వేతనం తక్కువ ఇవ్వొచ్చు కాబోలు! అన్నపూర్ణ అని పొగిడి డబ్బు ఎగ్గొట్టడం, పూటకూళ్ళమ్మ అని వెక్కిరించి తిని పోవడం, ఈ రెండూ వేరు వేరనిపిస్తాయి గానీ వండిన చెయ్యికి దక్కేది మాత్రం ఒకటే.

దానం చెయ్యొద్దని నేనడం లేదు. మల్కాపురం రాతికి నేనిందాకే దణ్ణం పెట్టాను. దానం చేసిన చేతికి ఎంత మర్యాద ఇస్తామో, ధర చెప్పి నిజాయితీగా కడుపు నింపిన చేతికీ అంత ఇవ్వాలంటున్నాను. ఓరుగల్లు కవి ఒక్క మంచి పని చేశాడు. ధర సిగ్గుపడకుండా రాశాడు. రూకకి ఇంత భోజనం అన్నాడు. ఎగతాళి చెయ్యలేదు. తిన్నది మెచ్చుకున్నాడు. ఆయన రాయనిది వండినవాళ్ళ పేరు ఒక్కటే.

ఆ పని మనం చెయ్యొచ్చు. మీ పుట్టింట్లోనో అత్తింట్లోనో మెస్ నడిపిన పిన్ని, క్యారియర్లు కట్టి పంపిన పెద్దమ్మ, పచ్చళ్ళు పెట్టి అమ్మి పిల్లల్ని చదివించిన అమ్మమ్మ ఒకరు ఉండే ఉంటారు. ఉన్నా, ఇంట్లో వాళ్ళు ఆ సంగతి కాస్త గొంతు తగ్గించి చెబుతూ ఉంటారు. ఈసారి అడిగి తెలుసుకోండి. ఆవిడ పేరు, ఏ ఊళ్ళో, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా, పూటకి ఎంత తీసుకుంది, ఏమేం వడ్డించింది, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి పెట్టండి. ధర రాయడం మర్చిపోకండి.